వెలిగించని బాయిలర్

చలికి పేరుపడ్డ ఎర్జురూమ్‌లో ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్లు బాగుచేసే ఆడమనిషి ఎవరని అడిగితే అందరూ సఫీనాజ్ పేరే చెబుతారు. రెండో పేరు చెప్పడానికి ఎవరూ లేరు మరి. నలభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది. తలకు పూల రుమాలు, భుజాన పనిముట్ల సంచి. ఆమె జీవితంలో ముఖ్యమైన పనులన్నీ కోపంతోనే మొదలయ్యాయి. సిట్కీని పెళ్ళి చేసుకున్నది కూడా తన మేనమామ “ఆ బస్సు డ్రైవరుకి పిల్లనెవరిస్తారు” అన్నందుకే.

ఈ పనీ అంతే. ఊరికి పైపుల్లో గ్యాసు వచ్చిన కొత్తలో మునిసిపాలిటీ వాళ్ళు ఊరికే పనులు నేర్పుతున్నారని విని, ఆడపడుచును వెంటబెట్టుకుని కుట్టుపని క్లాసులో చేరడానికి వెళ్ళింది. కుట్టుపని క్లాసు నిండిపోయింది. బల్ల వెనక కూర్చున్నాయన, “బాయిలర్ల క్లాసులో ఖాళీలున్నాయి గానీ, అది మీకెందుకులెండి” అని నవ్వాడు. ఆయన నవ్వకపోతే సఫీనాజ్ ఇంటికెళ్ళి పిండి కలుపుకునేది. నవ్వాడు కాబట్టి అక్కడికక్కడే పేరు రాయించింది.

“కుట్టుమిషన్లో దారం తెగుతుంది, ఇందులో నీళ్ళు కారతాయి. తేడా ఏముంది?” అంది ఇంటికొచ్చి.

“తేడా ఏమీ లేదు. కుట్టుమిషను పేలదు, అంతే” అన్నాడు సిట్కీ.

నేర్చుకుంది. ఊళ్ళో మగవాళ్ళు మొదట వెక్కిరించారు. కానీ పగలు మగవాళ్ళు పనుల్లో ఉంటారు, బాయిలర్ మాత్రం వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే పాడవ్వాలని పట్టు పట్టదు. ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు ముక్కూమొహం తెలియని మగమేస్త్రీని లోపలికి పిలవడానికి జంకుతారు. సఫీనాజ్ అయితే గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో వచ్చి, పని చేసి, ఆ ఊరి అలవాటు ప్రకారం చక్కెర గడ్డ బుగ్గన పెట్టుకుని టీ తాగి, పక్కింటి కబుర్లు కూడా విని వెళుతుంది. అలా చేతినిండా పని దొరికింది.

ఒక జనవరిలో ముషెర్రెఫ్ పిన్ని నుంచి ఫోను వచ్చింది. ముషెర్రెఫ్ రిటైరైన మంత్రసాని. ఆ పేటలో ఇప్పుడు మీసాలు మెలేస్తున్న వాళ్ళలో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది.

“అమ్మాయ్, నా బాయిలర్ చచ్చిపోయిందట. నువ్వొచ్చి చూడు” అంది.

“ఎవరన్నారు పిన్నీ?”

“కంపెనీ మనిషి. కింద నీళ్ళు కారుతున్నాయంటే వచ్చి ఏదో వాషరు మార్చాడు. మళ్ళీ కారింది. ఇంకోసారి వచ్చి పంపు మార్చాడు. మళ్ళీ కారింది. ఇప్పుడేమో లోపలి ఒళ్ళంతా కుళ్ళిపోయింది, తీసేసి కొత్తది పెట్టించుకో అంటున్నాడు. కొత్తదానికి కాగితం కూడా జేబులోనే తెచ్చుకున్నాడు, అప్రాచ్యుడు! ఊపిరున్న బిడ్డేదో, లేని బిడ్డేదో నాకు తెలియదూ? ఇది శుభ్రంగా ఊపిరి పీలుస్తోంది.”

సఫీనాజ్ వెళ్ళేసరికి బాయిలర్ నిజంగానే శుభ్రంగా మండుతోంది. గదుల్లో రేడియేటర్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. వంటింటి పక్క, అద్దాలు బిగించిన చిన్న బాల్కనీలో గోడకు ఉంది బాయిలర్. దాని కింద ప్లాస్టిక్ టబ్బు, టబ్బు నిండా నీళ్ళు. పక్కన పిండి డబ్బా పెట్టుకునే చెక్క అలమర అడుగున ఉబ్బిపోయింది. గోడ సున్నం పొక్కులు లేచింది.

సఫీనాజ్ ముందుగా ప్రెషర్ ముల్లు చూసింది. ఉండాల్సిన చోటే ఉంది.

“పిన్నీ, ఈ మధ్య దీంట్లోకి నీళ్ళు ఎక్కించాల్సి వచ్చిందా?”

“లేదు. పోయిన చలికాలం ఎప్పుడో ఎక్కించాను.”

“మరి టబ్బులకి టబ్బులు కారిపోతుంటే ముల్లు పడిపోవద్దూ? దాని కడుపులో నీళ్ళు దాని కడుపులోనే ఉన్నాయి.”

టబ్బులో నీళ్ళు చేత్తో తీసి వాసన చూసింది. రేడియేటర్లలో ఏళ్ళ తరబడి తిరిగే నీళ్ళు నల్లగా ఉంటాయి, తుప్పు కంపు కొడతాయి. ఇవి తేటగా, ఏ వాసనా లేకుండా, మంచులా చల్లగా ఉన్నాయి. అంటే కుళాయి నీళ్ళు. అయితే కుళాయి నీళ్ళు వేడి చేసే వైపు లీకుందేమోనని ఇంటి నీళ్ళ వాల్వు కట్టేసింది. మూత విప్పి లోపల ప్రతి బిగింపుకీ, ప్రతి నట్టుకీ తెల్లకాగితం చుట్టింది. చెమ్మ తగిలితే కాగితం చెప్పేస్తుంది, అబద్ధమాడదు.

“ఎప్పుడెక్కువ కారుతుంది? రాత్రా?”

“రాత్రి ఒక్క చుక్క ఉండదు. పొద్దున కూడా పొడిగానే ఉంటుంది. మధ్యాహ్నం మొదలవుతుంది, ఎండ ఇటు తిరిగాక.”

సఫీనాజ్ చేతిలో కాగితం చుట్ట అలాగే ఆగిపోయింది. ఎర్జురూమ్‌లో జనవరి రాత్రి బాయిలర్ ఒళ్ళు విరుచుకుని పనిచేస్తుంది. లీకైతే అప్పుడే ఎక్కువ కారాలి. ఎండకి మాత్రమే కారే లీకేమిటి?

“ఆ కంపెనీ ఆయన ఎప్పుడొచ్చేవాడు?”

“పొద్దున్నే. వచ్చినప్పుడల్లా పొడిగానే ఉండేది, అయినా ఏదో ఒకటి పీకి పోయేవాడు.”

“కారేటప్పుడు చూడకుండానే పంపు మార్చాడా!” సఫీనాజ్ గొంతు లేచింది. “జబ్బుమనిషిని చూడకుండా కడుపు కోసినట్టు! కూర్చో పిన్నీ. టీ పెట్టు. ఎండ వచ్చేదాకా నేనిక్కణ్ణించి కదలను.”

“నొప్పులు మొదలయ్యేదాకా కూర్చోవడం నాకు అలవాటే” అంది ముషెర్రెఫ్, టీ కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

ఇద్దరూ బాల్కనీ గుమ్మంలో స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. దారప్పోగుల్లా విడే చెచిల్ జున్ను, రొట్టె తిన్నారు. ఎండ పలండోకెన్ కొండ మీదుగా తిరిగి అద్దాల మీద పడింది. కాసేపటికి, ఇంటి నీళ్ళు కట్టేసి ఉన్నా, టప్పున ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. సఫీనాజ్ లేచి లోపలి కాగితాలన్నీ తడిమింది. అన్నీ పెళపెళలాడుతున్నాయి. కానీ బాయిలర్ వెనక, గోడకీ దానికీ మధ్య సందులో వేళ్ళు పెడితే చెయ్యంతా తడిసింది. టార్చి వేసి పైకి చూసింది. పై అంతస్తు బాల్కనీ నీళ్ళు పోయే గొట్టం కప్పులోంచి దిగి, బాయిలర్ వెనకగా కిందికి పోతోంది. గొట్టం చుట్టూ సిమెంటు పగిలింది. ఆ పగులులోంచి నీళ్ళు గొట్టం వెంట జారి, బాయిలర్ వెనక్కి చేరి, కింద అంచునించి కారుతున్నాయి. చూసినవాళ్ళకు బాయిలరే కారుతున్నట్టుంటుంది.

“పిన్నీ, నీ బిడ్డ నిక్షేపంలా ఉంది. ఇది పైవాళ్ళ మూత్రం” అంది సఫీనాజ్.

ముషెర్రెఫ్ మొహం మాడింది. “పైన రుక్నెత్తిన్ కదా. వాడితో మాట్లాడడం కంటే గోడతో మాట్లాడడం నయం.”

రుక్నెత్తిన్ బే భూముల రిజిస్ట్రీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళో గౌరవానికి మగవాళ్ళని ‘బే’ అనీ, ఆడవాళ్ళని ‘హనుమ్’ అనీ పిలుస్తారు. ఆయనకు ఆ పేటలో ఒక కీర్తి ఉంది: ఎన్ని చలికాలాలు వచ్చినా ఆయన ఇంట్లో బాయిలర్ వెలగదు. కింద ముషెర్రెఫ్ ఇల్లు వేడి, పైన ఇంకో కుటుంబం ఇల్లు వేడి, మధ్యలో ఈయన, రొట్టెలో జున్నుముక్కలా. కింది కప్పు వేడే ఆయన నేల. ఆ సంగతి ఆయన దాచుకోడు సరికదా, టీకొట్లో నల్లరాయి జపమాల తిప్పుతూ చెప్పుకుంటాడు: “వేడి పైకి పోవడం దేవుడు పెట్టిన రూలు. దానికి నేను అడ్డం పడనా?”

సఫీనాజ్, ముషెర్రెఫ్ మెట్లెక్కి తలుపు కొట్టారు. రుక్నెత్తిన్ బే ఉన్ని టోపీ, రెండు చొక్కాలు, పైన కోటుతో వచ్చి తలుపు వారగా తీశాడు. వెనక నడవాలో ఆయన భార్య నెబహత్ శాలువా కప్పుకుని నిలబడింది.

“మీ బాయిలర్ నీళ్ళు కింద పడుతున్నాయి బే. ఒకసారి బాల్కనీ చూడాలి” అంది సఫీనాజ్.

“నా బాయిలరా?” ఆయన నవ్వాడు. “అమ్మా, నా బాయిలర్ వెలిగి ఏళ్ళయింది. గ్యాసు కట్టేసి ఉంది. పొయ్యి వెలిగించకుండా పాలు పొంగుతాయా?”

“గ్యాసు కట్టేశారు, నీళ్ళు కట్టేశారా?”

“నీళ్ళెందుకు కడతాను? నీళ్ళు కాలతాయా, పేలతాయా?”

“గడ్డకడతాయి! గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే ఇనుమైనా చీలుతుంది. రాత్రి గడ్డ చీలికని మూసేస్తుంది. మధ్యాహ్నం ఎండకి కరిగి కారుతుంది. ఒకసారి తలుపు తియ్యండి, నేనే చూస్తాను.”

“బాల్కనీ తలుపు తియ్యను. ఈ ఏడాది కొత్తగా చుట్టూ ప్లాస్టిక్ వేసి టేపు అతికించాను. తీస్తే వేడంతా పోతుంది.”

“ఎవరి వేడి?” అంది ముషెర్రెఫ్. “ఎవరి వేడి పోతుంది రుక్నెత్తిన్?”

“ఇల్లు నాది, ఇంట్లో ఉన్నది నాది” అన్నాడాయన. “నీ పాత డబ్బా కారుతోంది ముషెర్రెఫ్ హనుమ్. కంపెనీ ఆయన చెప్పాడటగా, కొత్తది కొనుక్కోమని. ఈమె మాట పట్టుకుని నా మీదకొస్తావేం? గరిటె పట్టే చేతికి స్పానరిస్తే ఇలాగే ఉంటుంది.” తలుపు మూసేశాడు.

సఫీనాజ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై మాటలు నాలుకదాకా వచ్చాయి. అవి మూసిన తలుపుకి చెప్పి ప్రయోజనం లేదు. ఆమె వెనక్కి తిరిగి మెట్ల దగ్గరున్న చిన్న ఇనప బీరువా వైపు చూసింది. ఒక్కో ఇంటి నీళ్ళ మీటరూ, దాని పక్కన వాల్వూ అందులోనే ఉంటాయి.

“దాన్ని కట్టేస్తే కింద చుక్క ఆగుతుంది. అప్పుడిక తగాదా ఉండదు. కానీ నేను బయటిదాన్ని పిన్నీ, నేను ముట్టుకుంటే రేపు కేసంటాడు” అంది.

ముషెర్రెఫ్ ముందుకొచ్చింది. బీరువా తలుపు లాగి, రెండు చేతులా పట్టి వాల్వు తిప్పేసింది. ఎంతమంది బిడ్డల్ని లాగిన చేతులో అవి, వాల్వు కీచుమని లొంగింది.

కిందికి దిగి చూస్తూ కూర్చున్నారు. ఎండ ఇంకా అద్దాల మీదే ఉంది. ధార సన్నబడింది, చుక్కలైంది, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది, ఆగిపోయింది. సఫీనాజ్ టబ్బు ఖాళీ చేసి మళ్ళీ పెట్టింది. టబ్బు పొడిగానే ఉంది.

మధ్యాహ్నం దాటాక వచ్చే నమాజు పిలుపు వినిపించింది. కాసేపటికి పైనించి పెద్ద కేక. “నీళ్ళేవీ? కుళాయిలో నీళ్ళేవీ?” చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, కాళ్ళు కడుక్కోవడానికి సిద్ధమైనట్టే ఉన్న రుక్నెత్తిన్ బే మెట్లమీదికి వచ్చాడు. “నా నమాజుకి అడ్డం పడ్డదెవరు?”

“నేనే” అంది ముషెర్రెఫ్ కింద నించి. “నీ నీళ్ళు ఆగాయి, నా ఇంట్లో వాన ఆగింది. వచ్చి టబ్బు చూసుకో. చూసి, నీ బాల్కనీ తలుపు తియ్యి. అప్పుడు కుళాయి తిప్పుతాను, తీరిగ్గా నమాజు చేసుకో.”

“ఇది దౌర్జన్యం! పోలీసుల్ని పిలుస్తాను!”

“పిలు. వచ్చేవాడికి బొడ్డు నేనే కోసుంటాను.”

మెట్లమీద నిలబడి ఆయన ఎంతసేపు అరిచేవాడో గానీ, వెనకనించి చర్రుమని శబ్దం వచ్చింది. నెబహత్ రొట్టెలు కోసే కత్తితో బాల్కనీ తలుపు టేపు కోసేస్తోంది. భర్త “ఏయ్, ఏం చేస్తున్నావ్” అనేలోగా ప్లాస్టిక్ అంతా ఊడి నేలమీద పడింది. “రామ్మా మేస్త్రీ” అని ఆమె కిందున్న సఫీనాజ్‌ని పిలిచింది. సఫీనాజ్, వెనకే ముషెర్రెఫ్ పైకెక్కారు.

బాల్కనీ నిండా పాత తివాచీ చుట్టలు, విరిగిన కుర్చీలు, ఉల్లిపాయల బస్తా. తివాచీలు బిగుసుకుపోయి కొయ్యదుంగల్లా ఉన్నాయి. బాయిలర్ కింద పైపుల చుట్టూ గెడ్డంలా మంచు వేలాడుతోంది. మంచులోంచి నీళ్ళు జారి నేలమీద గొట్టం దగ్గర మడుగు కట్టాయి. సఫీనాజ్ మూత విప్పింది. కుళాయి నీళ్ళు వేడెక్కే పలకల పెట్టె పక్కనించి నిలువునా చీలింది.

ఏమంటాడా అని ఆమె రుక్నెత్తిన్ బే మొహం చూసింది. ఇంతసేపూ తాను కోప్పడింది ఒక పిసినారి మీద. పిసినారులకు కూడా సిగ్గుంటుంది, చూపించాక ఒప్పుకుంటారు అనుకుంది.

ఆయన జపమాల వేళ్ళకు చుట్టుకుని, చీలిక వైపు చూసి, తల పంకించి అన్నాడు: “చూశావా ముషెర్రెఫ్ హనుమ్? ఈ ఏడాది నువ్వు కింద వేడి తగ్గించావు. అందుకే నాది గడ్డకట్టింది.”

సఫీనాజ్ స్పానర్ కింద పెట్టింది. “బే,” అంది, ఒక్కో మాటే తూచినట్టు, “ఈవిడ వేడే లేకపోతే మీ గదుల్లో రేడియేటర్లు కూడా చీలేవి. మీ ఇల్లు నిలబెట్టింది ఈవిడ. ఈవిడ అలమర ఉబ్బించింది మీరు. ఈవిడ పంపు ఊరికే పీకించింది మీరు. ఇన్ని చేసి, నువ్వు సరిగా వెచ్చబెట్టలేదని ఆవిడ మీదే నేరం మోపుతారా? దొంగతనానికి వెళ్ళినవాడు ఇంట్లో అన్నం చల్లారిందని కోప్పడినట్టుంది!”

“నాలుక అదుపులో పెట్టుకో!”

“ఇప్పటిదాకా పెట్టుకునే మాట్లాడాను. అదుపు తప్పితే మీ టోపీ ఎగిరిపోయేది.”

నెబహత్ మొహం అటు తిప్పుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు.

ఆ పూటకి సఫీనాజ్ బాయిలర్‌కి నీళ్ళు వెళ్ళే దారి బిగించి, కుళాయికి నీళ్ళు వదిలింది. మర్నాడు పలకల పెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చింది. రావాలని లేదు. వాడి ముఖం చూడకూడదనే అనుకుంది. కానీ ఆ చీలిక అలాగే ఉంటే ఎప్పుడో ఒకరోజు వాల్వు ఎవరో తిప్పుతారు, కింద ముషెర్రెఫ్ పిండి మళ్ళీ తడుస్తుంది. వేణ్ణీళ్ళలో ముంచిన తుండుగుడ్డలు చుట్టి పైపుల మీది మంచు కరిగించింది. మంట పెడితే పని తొందరగా అవుతుంది, అదే తొందరలో ఇంకోచోట పగులుతుంది. పాత పెట్టె తీసి, కొత్త వాషర్లు వేసి, కొత్త పెట్టె బిగించింది. ఇంకే పైపయినా పగిలిందేమోనని నీళ్ళు మెల్లగా ఎక్కిస్తూ కాగితం చుట్టి చూసింది. తర్వాత గదిగదికీ వెళ్ళి రేడియేటర్లలో గాలి వదిలింది. అవి ఏళ్ళ గాలి బుసకొట్టి, తర్వాత నల్లనీళ్ళు చిమ్మి, చివరికి తేరుకున్నాయి. గ్యాసు తిప్పి వెలిగించింది. నీలిమంట పట్టింది.

రుక్నెత్తిన్ బే గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. “సరే, అయిందిగా. ఇప్పుడు నీళ్ళన్నీ తీసేసి మూసెయ్. ఖాళీగా ఉంటే గడ్డకట్టదుగా.”

అది నిజమే. నీళ్ళు తీసేస్తే గడ్డకట్టదు. ఆ మాట ఆయన నోటినించి వచ్చినందుకు సఫీనాజ్‌కి మరింత ఒళ్ళు మండింది.

“వద్దు” అంది నెబహత్.

ఆమె హాల్లో కిటికీ కింద రేడియేటర్‌కి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. రేడియేటర్ ఇంకా గోరువెచ్చనే. అయినా ఆమె శాలువా జార్చేసింది. లోపల ఇంకో స్వెట్టరు, దానికింద ఇంకొకటి. వేలి కణుపులు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

“నీకేం తెలుసు, నువ్వూరుకో” అన్నాడు భర్త.

“నాకు తెలిసింది ఇదే. ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు అల్లిక పట్టుకుని ముషెర్రెఫ్ ఇంటికి వెళ్ళేదాన్ని. స్నేహంకోసమని చెప్పేదాన్ని. వేళ్ళు వంగక వెళ్ళేదాన్ని. కింద అందరూ నా గురించి ఏమనుకుంటారో నాకు తెలియదనుకున్నావా? నీ పిసినారితనం నువ్వు టీకొట్లో చెప్పుకుంటావు. దాని చలి నేను మొయ్యాలి.” ఆమె గొంతు పెద్దది కాలేదు. “దాన్ని నువ్వార్పితే నేను కిందికి వెళ్ళిపోతాను. పక్క కూడా తీసుకెళతాను. జనం అడిగితే ఎందుకో చెబుతాను.”

జనం అనే మాట ఆయనకు తగిలింది. జపమాల జేబులో వేసుకుని, “ఏదో ఒకటి చేసుకోండి, ఇల్లు ఆడవాళ్ళ రాజ్యమైపోయింది” అంటూ లోపలి గదిలోకి పోయాడు. క్షమించమని ముషెర్రెఫ్‌కి గానీ, మంచి పని చేశావని సఫీనాజ్‌కి గానీ ఒక్క మాట అనలేదు. నెబహత్ మాత్రం లేవకుండానే, “కాసేపు నా పక్కన కూర్చో మేస్త్రీ, టీ తర్వాత పెడతాను. ఇప్పుడు లేవలేను” అంది. సఫీనాజ్ కూర్చుంది. ఇద్దరూ రేడియేటర్‌కి వీపులు ఆనించి, అది మెల్లగా కాలడం మొదలయ్యేదాకా అలాగే ఉన్నారు.

ముషెర్రెఫ్ ఆ కంపెనీ మనిషికి ఫోను చేసి, అతని పంపు అతను పట్టుకుపోయి తన పాత పంపు తనకు పెట్టమంది. అతను రాలేదు. ఆవిడ వాళ్ళ పెద్ద ఆఫీసు దాకా వెళ్ళి, హాల్లో జనం ముందు బల్ల గుద్ది మాట్లాడిందని అంటారు. ఏం సాధించిందో గానీ, ఆ పేటకి ఆ మనిషి మళ్ళీ రాలేదు.

రుక్నెత్తిన్ బే ఇంట్లో బాయిలర్ ఆ చలికాలమంతా వెలిగింది. ఆయన వచ్చీ పోతూ దాని మర తిప్పి వేడి తగ్గించేవాడు, ఆయన గుమ్మం దాటగానే నెబహత్ పెంచేది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సిట్కీ డ్యూటీ దిగి, టీకొట్టుమీదుగా ఇంటికొచ్చాడు. సఫీనాజ్ పీటమీద పిండి పరుస్తోంది. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నసిగాడు.

“మీ రుక్నెత్తిన్ బే కనిపించాడు. పదిమందిలో కూర్చుని చెబుతున్నాడు.”

“ఏమని?”

“కింద ముసలావిడ ఒంటరిది, చలికి తట్టుకోలేదు, అందుకే నేను బాయిలర్ వెలిగిస్తున్నాను, ఇరుగుపొరుగు అన్నాక ఒకరి వేడి ఒకరికి తగలాలి కదా అని. అందరూ మాషల్లా అన్నారు.”

సఫీనాజ్ అప్పడాల కర్ర పీటమీద పెట్టింది. పిండి చేతులతోనే రుమాలు బిగించి కట్టుకుంది. “ఏ టీకొట్టు?” అంది.

“ఇప్పుడా? అక్కడంతా మగవాళ్ళే!”

“మంచిది. అందరూ ఒకేసారి వింటారు” అంటూ ఆమె బూట్లు వెతుక్కుంది.

సిట్కీ నిట్టూర్చి, ఇంకా విప్పని కోటు గుండీలు మళ్ళీ పెట్టుకుని, ఆమె వెనకాల బయల్దేరాడు.